కోటు తొడుక్కుని వినే కచేరీ

పోయిన నెల మినియాపోలిస్ నుంచి ఒక పత్రికాయన వచ్చి మా చర్చి కింది హాల్లో కచేరీ విని వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకున్నాడా, పేపర్లో రాశాడు. మా ఊరు డులూత్‌లో ‘రెండోసారి’ అనే చిన్న బృందం ఉందట. ఇప్పుడు బతికున్నవాళ్లు రాసిన శాస్త్రీయ సంగీతం తప్ప అది ఇంకేదీ వాయించదట. ప్రతి రచననీ ఒకే సాయంత్రం రెండుసార్లు వాయిస్తుందట. ఇంతవరకూ నిజమే. ఆ రెండోసారికి మాత్రం శ్రోతలంతా లేచి, చలికోట్లు తొడుక్కుని, టోపీలు పెట్టుకుని, నిలబడి వింటారట, అదీ జూన్ నెలలో కూడానట. అది ‘ఈ లోకంలో మనిషి బాటసారి మాత్రమేనని గుర్తుచేసే క్రతువు’ అని తేల్చాడు. చదివేసరికి నాకు ఒళ్లు మండింది. క్రతువూ లేదు, పాడూ లేదు. ఆ కోట్ల భాగోతానికి కారణం నేను, కాఫీ కాచేదాన్ని. నన్నొక్క మాట అడగలేదు గానీ నేను చేసిన నిమ్మ బార్లు, అదే నిమ్మరసం వేసి చేసే తీపి బిళ్లలు, మూడు తిని పోయాడు మహానుభావుడు.

అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను. నా పేరు ఆర్డిస్ క్వామీ. ఈ చర్చి వంటగది ముప్పై రెండేళ్లుగా నా చేతిలో ఉంది. సంగీతం నాకు ముక్క రాదు. ఆ బృందం పెట్టిన తోరా లిండ్‌క్విస్ట్ నా పక్కింటి మనిషి, నాకంటే ఐదేళ్లు చిన్నది, బడిలో పిల్లలకి వయొలిన్, దానికంటే కాస్త పెద్దదైన వయోలా నేర్పే పంతులమ్మ. పన్నెండేళ్ల పిల్లలు నలభై మంది ఒకేసారి వయొలిన్లు గీకే గదిలో ముప్పై ఏళ్లు కూర్చుని ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి. నేనైతే మొదటి రోజే కిటికీలోంచి దూకేదాన్ని.

దాని లోపమల్లా ఒకటే. తన గురించి తాను నోరు విప్పదు. సూపు బాగుందే తోరా అంటే ఉప్పు ఎక్కువైందంటుంది. మా ఊళ్లో అందరూ అంతేలెండి. నలుగురిలో తనని తాను ముందుకు తోసుకోవడం మావాళ్లకి దొంగతనం కంటే చిన్నతనం. కానీ తోరాది మరీ విడ్డూరం. ఆ విడ్డూరం వల్లే ఈ కథంతా వచ్చింది.

తోరా వాళ్ల నాన్న ఆర్నీ మా రేవు దగ్గర ఎత్తే వంతెన మీద పనిచేసేవాడు. సరస్సులోంచి ఓడ వస్తూ ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత వేస్తుంది. వంతెన అదే కూత తిరిగి వేసి పైకి లేస్తుంది. ఓడ పిలిస్తే వంతెన పలకకపోవడమన్నది మా ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆర్నీ ఇరవై రెండేళ్లు పలికాడు. తోరా కాలేజీలో మూడో ఏడు చదువుతుండగా చలికాలంలో గుండె ఆగి పోయాడు. ఆ వసంతంలో ఆ పిల్ల కూర్చుని వయొలిన్, సెల్లో, క్లారినెట్, పియానో, ఈ నాలుగు వాయిద్యాల కోసం పదకొండు నిమిషాల రచన ఒకటి రాసింది. కాలేజీలో ఒక మంగళవారం మధ్యాహ్నం దాన్ని వాయించారు. అప్పుడు తోరా ఏం చేస్తోందో తెలుసా? పియానో పక్కన నిలబడి కాగితాలు తిప్పుతోంది.

కాగితాలు తిప్పేవాళ్లకి పాట వినిపించదట. ఎప్పుడు లేవాలి, ఏ మూల పట్టుకోవాలి, రెండు కాగితాలు కలిసి వచ్చాయా, ఈ భయంతో ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ ఉండాలట. అలా తోరా తన పాట తాను వినలేదు. లెక్కపెట్టింది, అంతే. అయిపోయాక వాళ్ల మాస్టారు వచ్చి ‘వేరుగా ఉంది’ అన్నాడు. మా ప్రాంతంలో కూర మాడిపోయినా, పెళ్లికూతురు పారిపోయినా ఎవరూ బాగోలేదనరు, వేరుగా ఉందంటారు. తోరాకి అర్థమైంది. ఆ కాగితాలు తీసుకొచ్చి పియానో ముందు వేసుకునే పెట్టె బల్లలో పడేసి మూత వేసింది. దాని మీదే కూర్చుని పదిహేనేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పింది.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఒకసారి ఇద్దరం బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే చెప్పింది.

"అది బాగుందో బాగోలేదో తర్వాత సంగతి అక్కా. ఒక్కసారి వినాలని ఉంది నాకు."

"మరి ఎవరిచేతనైనా వాయించుకోవే."

"నా పాట వాయించండని నేనెలా అడుగుతాను?" అంది. నేనేదో దాన్ని నడివీధిలో డాన్సు చెయ్యమన్నట్టు చూసింది.

తొంభై నాలుగులో తోరా మినియాపోలిస్ వెళ్లి కొత్త సంగీతం కచేరీ ఒకటి విన్నది. ఒకాయన రచన మొట్టమొదటిసారి వాయించారు. ఈమెకి నచ్చింది. మళ్లీ ఎప్పుడు వాయిస్తారండీ అని ఆ రాసినాయన్నే అడిగింది. ఆయన నవ్వాడట. కొత్త పాట మొదటిసారి వాయించడానికి అందరూ ఎగబడతారమ్మా, పేరొస్తుంది గనక, రెండోసారి వాయిస్తే ఎవరికేం వస్తుంది అన్నాడట. ఆయన రాసినవి నలభై ఉంటే రెండోసారి వినబడ్డవి మూడేనట. తోరా బస్సు దిగి తిన్నగా మా వంటింట్లోకి వచ్చింది. కోటు కూడా విప్పకుండా, బృందం పెడుతున్నాను, పేరు ‘రెండోసారి’, ఏ పాటైనా రెండుసార్లు వాయిస్తాం అని చెప్పింది.

ఒకసారి విననివాళ్లకి రెండుసార్లు వినిపిస్తావుటే అని నేను ఎకసెక్కమాడాను. అది పట్టించుకోలేదు. అప్పుడే నాకు తెలియాల్సింది. తన పాట వాయించమని నోరు తెరిచి అడగలేక, ప్రపంచంలో ఉన్న మిగతావాళ్ల పాటలన్నీ నెత్తికెత్తుకుంది పిచ్చిది.

మనుషులు దొరికారు. పియానోకి లోవెల్. పగలంతా మునిసిపాలిటీ మంచు తోసే బండి నడుపుతాడు, చేతులు పారల్లా ఉంటాయి, వాయిస్తే మాత్రం వెన్న. క్లారినెట్‌కి పళ్ల డాక్టరు వెండెల్. సెల్లోకి ఒక నర్సు, వయొలిన్‌కి హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ. తోరా వయోలా. తోరా ముందుగదిలో సాధన మొదలైన రోజున మా ఇంట్లో బాయిలర్ పాడైందనుకుని మా ఆయన కిందికి పరిగెత్తాడు. తీరా చూస్తే వెండెల్ క్లారినెట్‌లో పాట ఊదకుండా ఉత్త గాలి ఊదుతున్నాడు. అలాగే రాసి ఉందట. లోవెల్ పియానో మూత ఎత్తి లోపలి తీగల మీద చెంచాతో గీకాలట, అందుకని నా సూపు చెంచా పట్టుకెళ్లారు. ఇరవై ఏళ్లయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు.

కచేరీకి చోటు కావాలిగా. మంచి పియానో ఉండి, అడిగితే ఇచ్చే హాలు ఊరి మొత్తానికి మా చర్చి కిందిదే. నెలలో మొదటి శనివారం ఖాళీ. కానీ ఆ శనివారం మీద నోర్బర్ట్ సాథర్ గారు ముందే కన్నేశారు. ముప్పై అయిదేళ్లు ఇనపరాయి ఓడలకెత్తే రేవులో పనిచేసి రిటైరైన మనిషి, ఆర్నీకి స్నేహితుడు, చర్చి హాలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఆయనకి ఆ శనివారం క్రిబ్బేజ్ పేకాటకి కావాలి. పోట్లాట మా పద్ధతి కాదు గనక ఆయన ఒక షరతు పెట్టారు. మూడు కచేరీలు చేసుకోండి. మొదటి రెండూ మీ ఇష్టం. మూడోదాంట్లో మాత్రం రెండోసారి వాయించేటప్పుడు హాల్లో పదిమంది ఉండాలి. వాయించేవాళ్లు, వంటగదివాళ్లు లెక్కలోకి రారు. పదిమంది లేకపోతే అక్కడికక్కడే దీపాలార్పేస్తాను, మీ రెండోసారీ లేదు, శనివారమూ లేదు అన్నారు. తోరా సరేనంది. ఎవరేమన్నా అది అనే మాట అదే.

అక్టోబరులో మొదటి కచేరీకి నలభై మూడు మంది వచ్చారు. తోరా అంటే ఊళ్లో గౌరవం. గాలి ఊదారు, చెంచాతో గీకారు, అయిపోయింది. కాఫీ ఇచ్చాను. నలభై మూడు మందీ నా దగ్గరికొచ్చి ‘వేరుగా ఉంది’ అన్నారు. నిమ్మ బార్లు తిన్నారు. ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు గనక దాన్ని సగం కోశారు, ఆ సగాన్ని మళ్లీ సగం కోశారు, చివరికి గోరంత ముక్క పళ్లెంలో మిగిలింది. అప్పుడు ఒక్కొక్కరూ మోకాళ్ల మీద చరుచుకుని, సరే మరి, అని లేచారు. రెండోసారి మొదలయ్యేసరికి హాల్లో ముగ్గురున్నారు. లెక్కపెట్టడానికి నోర్బర్ట్ గారు, కుర్చీలో నిద్రపోయిన ఓస్ట్‌బీ మామ్మగారు, చేతితొడుగు ఒకటి పోగొట్టుకుని బల్లల కింద వెతుకుతున్న ఒకాయన.

నిద్రపోయేవాళ్లు లెక్కలోకి వస్తారా అని నోర్బర్ట్ గారికి ధర్మసందేహం వచ్చింది.

"ఆదివారం ప్రార్థనకి ఎంతమంది వచ్చారో పుస్తకంలో రాస్తున్నారుగా, నిద్రపోయేవాళ్లని తీసేసి రాస్తున్నారా?" అన్నాను. ఆయన దగ్గారు.

డిసెంబరు కచేరీలో తోరా కొంప ముంచింది. మొదటిసారి అయిపోగానే లేచి నిలబడి, ఎర్రబడిపోయి, దయచేసి రెండోసారికి కూడా ఉండండి అని బతిమాలింది. మావాళ్లని అలా మొహం మీద అడగకూడదు. అడిగితే సిగ్గుతో చచ్చిపోతారు. కాఫీ కూడా తాగకుండా మెట్లెక్కేశారు. ఒకావిడ తను వండి తెచ్చిన హాట్‌డిష్ కూర గిన్నె కూడా వదిలేసి పోయింది. ఆరుగురు మిగిలారు, అందులో ఇద్దరు కారు స్టార్టవక. నేను తోరాని పట్టుకుని కడిగేశాను. బతిమాలితే వినేదాన్ని ముష్టి అంటారే, కచేరీ అనరు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి కచేరీ ఇంకా పది రోజులుందనగా పిడుగులాంటి ఉత్తరం వచ్చింది. ఒహాయోలో ఎవరో కొత్త పాట రాసిస్తానన్నాయన, పూర్తి కాలేదు క్షమించండి అని రాశాడు. అయిదుగురూ మొహాలు వేలాడేసుకుని తోరా ముందుగదిలో కూర్చున్నారు. నేను కాఫీ తీసుకెళ్లాను. పియానో బల్ల ఒక కాలు ఊగుతోందని లోవెల్ ఊరికే ఉండలేక దాన్ని తలకిందులు చేశాడు. మూత ఊడి కాగితాలు కింద పడ్డాయి. తోరా లాక్కోబోయింది. లోవెల్ ఎత్తు మనిషి, చెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడే చదవడం మొదలెట్టాడు. ఒక కాగితం, ఇంకో కాగితం.

"ఇది మన వాయిద్యాలకే రాసి ఉందిగా," అన్నాడు. "ఎవరిది?"

"ఎవరిదో. పాతది. ఇటివ్వు," అంది తోరా.

ఇంక నేను ఆగలేకపోయాను. దానిదే, అది ఇంతవరకూ దాన్ని వినలేదు కూడా అని మొత్తం కక్కేశాను. తోరా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గంటసేపు గొడవ. తన బృందంలో తన పాట వాయించుకోవడం కంటే ఊరు వదిలిపోవడం మేలంది. చివరికి వేరే దారి లేక ఒప్పుకుంది, కానీ పేరు వేయకూడదంది. రాసినవాడు చచ్చిపోయాడందామా అని వెండెల్ అడిగాడు. అబద్ధం వద్దంది. చివరికి కచేరీలో పంచే కాగితం మీద ‘ఒక విద్యార్థి రచన, 1979’ అని వేశారు. అది నిజమే.

కాగితాలు పాతవి, చేతిరాత, ముందుకీ వెనక్కీ బాణం గుర్తులు. ఎక్కడ ఎప్పుడు తిప్పాలో రాసినదానికే తెలుసు. అందుకని లోవెల్ పక్కన తోరాయే నిలబడాలి. అది వినగానే నాకు మళ్లీ మండింది.

"మళ్లీ లెక్కపెడతావుటే? ఈసారి కూడా వినవా?"

"సాధనలో వింటున్నానుగా అక్కా."

"వింటున్నావా నిజంగా?"

"లేదు. సాధనలో తప్పులు వినిపిస్తాయి, పాట వినిపించదు. వండేవాళ్లకి ఆకలి తెలీదు చూడు, అలాగ." తర్వాత నెమ్మదిగా అంది. "రెండోసారి శ్రోతల్లో కూర్చుని వింటాలే. ఉంటే."

ఉంటే అంటే పదిమంది ఉంటే అని. మరి రెండోసారికి కాగితాలు ఎవరు తిప్పుతారని అడిగాను. నలుగురూ నా వైపు చూశారు. నాకు సంగీతం రాదు మొర్రో అన్నాను. రాకపోవడమే మంచిదన్నాడు లోవెల్. తను తలాడించినప్పుడు తిప్పితే చాలు, వేలు మాత్రం నాకకూడదు, వెన్న చేతులతో రాకూడదు అన్నాడు. వారం రోజులు మా ఆయన చేత తల ఆడిస్తూ కూర్చోబెట్టి వంటల పుస్తకం తిప్పుతూ సాధన చేశాను. ఆయన మెడ పట్టేసింది.

కచేరీ రోజున సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద చలి. అయినా ఇరవై ఆరుగురు వచ్చారు. నేను వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పియానో పక్కన తోరా పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. పాట నాకేం అర్థం కాలేదు, అబద్ధమెందుకు. చివరికి వచ్చేసరికి మాత్రం క్లారినెట్ ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత వేసింది. పియానో అడుగున ఎక్కడో లోవెల్ అదే కూతతో పలికాడు. క్లారినెట్ మళ్లీ పిలిచింది, పియానో మళ్లీ పలికింది. మూడోసారి పిలిచింది. పియానో పలకలేదు. లోవెల్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపు అలాగే ఉండి, ఇంకో రెండు సన్నటి స్వరాలతో పాట అయిపోయింది.

కాఫీ దగ్గర నోర్బర్ట్ గారు నా పక్కకి జరిగి మెల్లిగా చెప్పారు. మీ లోవెల్ ఆఖర్లో మరిచిపోయాడమ్మా, పాపం అన్నారు. వెళ్లి అతన్నే అడగండి అన్నాను. ఛ, మొహం మీద ఎలా అడుగుతాం అని ఆయన నొచ్చుకున్నారు. ముప్పై అయిదేళ్లు రేవులో ఓడల కూతలు విన్న మనిషి. పిలుపుకి బదులు రాకపోతే ఆయనకి అది ఇంట్లో కుళాయి కారుతున్నట్టే, నిలవనివ్వదు.

తర్వాత మావాళ్ల ప్రయాణం మొదలైంది. మా ఊళ్లో వెళ్తానన్న మనిషి వెళ్లడానికి ముప్పావుగంట పడుతుంది. ముందు మోకాలు చరుచుకుంటారు. లేచి కాసేపు మాట్లాడతారు. కోటు తొడుక్కుని ఇంకాసేపు. గుమ్మం దగ్గర, ఆఖరికి కారు దగ్గర. ఆ రోజు కారు దగ్గర నిలబడితే మనిషి గడ్డకట్టిపోతాడు గనక ఆ ముచ్చట్లన్నీ హాల్లో మెట్ల దగ్గరే పెట్టుకున్నారు. కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, చేతులకి తొడుగులు కూడా వేసుకుని. పిల్లలున్నవాళ్లు ముందే వెళ్లారు. ఇంకో జంట వెళ్లింది. ఇంకొకరు. కుర్చీల్లో ఒక్కరూ లేరు. నోర్బర్ట్ గారు కూడా కోటు వేసుకుని దీపాల స్విచ్చి దగ్గర నిలబడ్డారు.

తోరా ఈసారి ఎవరినీ బతిమాలలేదు. ఒక కుర్చీ మడిచి గోడకి చేరేసింది. ఇంకోటి మడిచింది. నేనన్న ముష్టి మాట గుర్తొచ్చింది. ఏప్రన్ విప్పి అవతల పారేసి, వెళ్లి లోవెల్ పక్కన నిలబడ్డాను.

"మొదలెట్టు."

"ఎవరూ కూర్చోలేదు కదక్కా."

"కూర్చోమంటే పోతారు. నువ్వు మొదలెట్టు."

మొదలెట్టాడు. మెట్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. మావాళ్లు ఇరుక్కుపోయారు. ఒకరు వాయిస్తుంటే మధ్యలో వెళ్లిపోవడం మర్యాద కాదు. పోనీ కూర్చుందామా అంటే ఇందాక వెళ్లిపోబోతున్నామని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఎక్కడివాళ్లక్కడే, కోట్లతో, టోపీలతో, చెమటలు కక్కుతూ నిలబడ్డారు. ఆ పై కచేరీలో కూడా అదే తొమ్మిదిమంది ఏం చెయ్యాలో తెలియక, పోయినసారి ఇలాగే చేశాంగా అని లేచి కోట్లు తొడుక్కున్నారు. కొత్తగా వచ్చినవాళ్లు వాళ్లని చూసి తొడుక్కున్నారు. ఇరవై ఏళ్లుగా తొడుక్కుంటూనే ఉన్నారు. ఇదీ ఆ పత్రికాయన బాటసారి సంగతి.

తొమ్మిదిమంది అన్నాను కదా. అవును, తొమ్మిదే. నాకు సంగీతం రాతలు చదవడం రాదు గనక కాగితం వైపు చూడాల్సిన పని లేదు. ఒక కన్ను లోవెల్ తల మీద, ఇంకో కన్ను నోర్బర్ట్ గారి చెయ్యి మీద వేసి ఉంచాను. ఆయన వేలితో గాల్లో లెక్కపెట్టారు. నా వైపు చూసి తొమ్మిది వేళ్లు చూపించారు. నేను ఆయన వైపే వేలు చూపించాను, మీతో పది అని. ఆయన తల అడ్డంగా ఊపారు. లెక్కపెట్టేవాడు లెక్కలోకి రాడని ఆయన న్యాయం. చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లింది.

తోరా మూడో వరసలో, మడవగా మిగిలిన కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. పెదాలు కదలడం లేదు. ముప్పై ఆరేళ్ల మనిషి, బడి పిల్లలా వింటోంది. దేవుడా, ఆ ముసలాయన చెయ్యి పడిపోవాలి అనుకున్నాను. చర్చిలో నిలబడి అలాంటి ప్రార్థన చేశాను, ఏం చేస్తాం. లోవెల్ తలాడించాడు, తిప్పాను. మళ్లీ ఆడించాడు, తిప్పాను. ఒకసారి తుమ్మబోయి తలాడించాడు, అదీ తిప్పాను, పాపం ఒక పేజీ కంఠతా వచ్చినదానితోనే లాక్కొచ్చాడు.

ఆ చెయ్యి స్విచ్చి మీదే ఉంది, నొక్కలేదు. మెట్లు ఆయన పక్కనే ఉన్నాయి, ఎక్కలేదు. ఏమిటా అని నాకు అర్థం కాలేదు. చివరికి క్లారినెట్ పిలిచింది. నోర్బర్ట్ గారి తల లేచింది. పియానో పలికింది. రెండోసారి పిలిచింది, పలికింది. అప్పుడు ఆయన స్విచ్చి వదిలేసి, టోపీ తీసి, లోవెల్ చేతులకేసి రెండడుగులు ముందుకొచ్చారు. క్లారినెట్ మూడోసారి పిలిచింది. లోవెల్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కోటువాళ్లలో ఒకావిడ తొడుగు వేసుకున్న చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. వాళ్లందరూ ఈ కూతలు వింటూ పుట్టి పెరిగినవాళ్లే.

అయిపోయాక చప్పట్లు కొట్టారు. చేతులకి తొడుగులున్నాయి గనక దిళ్లు దులుపుతున్నట్టు వినబడింది. నోర్బర్ట్ గారు తిన్నగా పియానో దగ్గరికొచ్చారు.

"అయితే ఇందాక మరిచిపోలేదన్నమాట," అన్నారు లోవెల్‌తో.

"లేదండీ. అలాగే రాసి ఉంది."

"అది తేల్చుకుందామనే ఆగాను," అని తోరా వైపు తిరిగారు. "అమ్మాయ్, ఇది రాసిన కుర్రాడెవడో గానీ మీ నాన్నని ఎరగడు. ఆర్నీ ఉండగా ఏ ఓడ పిలుపూ బదులు లేకుండా పోలేదు. వాడు బతికుంటే పలికేవాడు."

నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. తోరా చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా.

"అవును బాబాయ్," అంది. "నాన్న ఉంటే పలికేవాడు."

"ఆ కుర్రాడు కనబడితే చెప్పు."

"చెప్తాను."

ఆయన టోపీ పెట్టుకున్నారు. మెట్ల దాకా వెళ్లి, వెనక్కొచ్చి, పళ్లెంలో మిగిలిన ఆఖరి నిమ్మ బారు సగం కొయ్యకుండా మొత్తం తీసుకుని కోటు జేబులో వేసుకున్నారు. మొత్తం పదిమంది, రాసుకో అన్నారు నాతో. తోరా నా మోచెయ్యి ఇంకా వదల్లేదు. అది నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, నేను మాత్రం ఏడ్చాను.